బండనూన్ చదువు

ఆ వేసవిలో మేము ఇల్లు కొనుక్కోవాల్సింది. కొనలేదు. ఎందుకు కొనలేదని ఇప్పటికీ ఎవరైనా అడిగితే మా ఆయన నావైపు చూపిస్తారు, నేను పైకి చూపిస్తాను. సిడ్నీలో వేసవంటే డిసెంబరు, జనవరి. క్రిస్మస్ కేకు కోస్తుంటే చెమట కారి కళ్ళల్లో పడే రోజులవి. సంవత్సరం తొంభైలోకి తిరుగుతోంది.

అప్పటికి మేము వెస్ట్‌మీడ్‌లో ఒక ఎర్ర ఇటుకల బిల్డింగులో, పై అంతస్తు యూనిట్‌లో అద్దెకుండేవాళ్ళం. మిగతా అంతా బాగానే ఉండేది కానీ, బట్టల దగ్గరే నా ప్రాణం విసిగిపోయేది. లాండ్రీ కింద ఉమ్మడిది. మంగళవారం మా వంతు. ఆ రోజు నాకు హాస్పిటల్లో డ్యూటీ పడిందా, మళ్ళీ మంగళవారం దాకా మాసిన బట్టలతో కాపురం చేయాల్సిందే. పైగా కింద ఇంటి మిసెస్ డోయల్ తీగ మీద ఆరేసిన నా చీరలు చూసి, "వాట్ లవ్లీ కర్టెన్స్, డియర్!" అనేది. మొదటిసారి నవ్వాను. తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది.

అందుకే క్వేకర్స్ హిల్‌లో ఆ ఇల్లు చూసినప్పుడు నేను గదులు చూడలేదు. ఏజెంటు వంటగది అల్మారాలు తీసి చూపిస్తుంటే కిటికీలోంచి పెరడు చూస్తూ నిలబడ్డాను. నడిమధ్య బట్టలారేసుకునే ఇనుప గొడుగు ఉంది. వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది. ఒక పక్క గోంగూర వేసుకోవచ్చు, కంచె పొడవునా బీరపాదు ఎక్కించుకోవచ్చు. బ్యాంకు వడ్డీలు మండిపోతున్న రోజులు. అయినా డిపాజిట్ కోసం ఎన్నో ఏళ్ళుగా దాస్తున్నాం. నేను పండగలకి కూడా డ్యూటీలు చేసింది ఆ గొడుగు కోసమే అనుకోండి.

ఇక మా ఎల్సా. ఒక్కతే కూతురు. అప్పుడే పన్నెండో తరగతి పరీక్షలు రాసి, వేసవి సెలవుల్లో బేకరీలో పని చేస్తోంది. అది ఏం చదవాలో వాళ్ళ నాన్న ఎప్పుడో తేల్చేశారు. ఫార్మసీ. మా సంఘంలో పెద్దమనిషి బెన్‌హర్ గారి అమ్మాయి సోనియా అప్పటికే ఫార్మసీ రెండో సంవత్సరం. తెల్లకోటు వేసుకుని ఆదివారం ఆరాధనకి వచ్చేసేది, ప్రాక్టికల్స్ నుంచి నేరుగా వచ్చానంటూ. ఆదివారం ప్రాక్టికల్స్ ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.

క్రిస్మస్ అయిన వారంలో ఒక సాయంత్రం, భోజనాల దగ్గర ఎల్సా చెంచా కింద పెట్టింది.

"డాడీ, ఐ వాంట్ టు టెల్ యూ సమ్‌థింగ్. మీరు అరవనని ప్రామిస్ చెయ్యాలి."

"నేనెప్పుడరిచానే?" అని అరిచారాయన.

"బండనూన్‌లో ఒక కాలేజ్ ఉంది. విన్‌కోట్ కాలేజ్. వెరీ స్మాల్. హోల్ కాలేజ్‌లో సిక్స్టీ స్టూడెంట్సే ఉంటారు. హిస్టరీ, ఫిలాసఫీ, లిటరేచర్, కొంచెం సైన్స్. అందరూ టేబుల్ చుట్టూ కూర్చుని రీడ్ చేస్తారు. దెన్ దే టాక్ అబౌట్ ఇట్."

"మాట్లాడతారా?"

"యా."

"మాట్లాడి?"

"దట్స్ ఇట్, డాడీ."

ఆయన నావైపు చూశారు. నేను రసం గిన్నెవైపు చూశాను.

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. అది గవర్నమెంటు యూనివర్సిటీ కాదు. యూనికి వెళ్తే ఫీజు ఉద్యోగం వచ్చాక టాక్సుతో కలిపి తీర్చుకోవచ్చు. ఇక్కడ ముందే కట్టాలి, హాస్టలుతో సహా. దీని వ్యాసమేదో చూసి సగం తగ్గిస్తామన్నారట. మిగతా సగం మూడేళ్ళకీ కలిపితే, క్వేకర్స్ హిల్ కోసం మేం దాచుకున్నది ఊడ్చుకుపోతుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఎల్సా నా మొహంలోకి చూడలేదు. ఇల్లా, దాని చదువా, రెండిట్లో ఒకటే. అంత తేటగా ఉంది లెక్క.

అరుపు రాలేదు. "సరే, ప్రార్థన చేసుకుందాం," అన్నారాయన.

మా ఇంట్లో ప్రార్థన సంగతి ఇక్కడ చెప్పాలి. సాయంత్రం భోజనాలయ్యాక ముగ్గురం కూర్చుని వాక్యం చదువుకుంటాం, తలా ఒక వచనం. ఆయన అర్థం చెబుతారు. తర్వాత ఒక్కొక్కరు ప్రార్థన చేస్తాం. మా ఆయన దయానందం గారు మెత్తని మనిషి, ఎదురుగా ఎవర్నీ ఒక మాట అనలేరు. అందుకని అనవలసినవన్నీ ప్రభువుతో అంటారు, వాళ్ళు వింటుండగా. "తండ్రీ, ఈ భోజనం కోసం స్తోత్రం, ఉప్పు విషయం నీకు తెలుసు" అన్న రోజులున్నాయి. నేనేం తక్కువ తిన్నానా? నా వంతు రాగానే, "ప్రభువా, ఉప్పు చూడమని వంటగదిలోకి పిలిచినా టీవీ ముందు నుంచి లేవనివాళ్ళని క్షమించు" అనేదాన్ని. ప్రార్థన మధ్యలో ఎవరూ అడ్డం పడకూడదు. అది నియమం. చివర్న అందరూ ఆమేన్ అనాలి. అంటే 'అలాగే జరగాలి' అని ఒప్పుకున్నట్టు. అందుకని ఆమేన్ విషయంలో మావాళ్ళు కొంచెం జాగ్రత్తగానే ఉంటారు. ఎల్సా మాత్రం ఈ యుద్ధంలో ఎప్పుడూ దిగలేదు. "థాంక్యూ ఫర్ ది ఫుడ్ అండ్ ది డే" అని ఒక్క ముక్క ఇంగ్లీషులో చెప్పి లేచిపోయేది.

ఆ సాయంత్రం ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు.

"దయగల ప్రభువా, ఈ బిడ్డకి మంచి మనసిచ్చావు. బుద్ధి కూడా కొంచెం దయచెయ్యి. కబుర్లు చెప్పుకోడానికి ఫీజు పుచ్చుకునేవాళ్ళ నుంచి మమ్మల్ని కాపాడు. నా ఎమ్మే నాకేం ఒరగబెట్టిందో నీకు తెలీనిది కాదు..."

నేను గట్టిగా ఆమేన్ అన్నాను. మూసిన కళ్ళ ముందు ఇనుప గొడుగు గిర్రున తిరుగుతోంది మరి. ఎల్సా అనలేదు.

ఆయన ఎమ్మే గొడవ ఏమిటంటే, వాల్తేరులో ఫిలాసఫీ చదివారు. ఫస్టు క్లాసు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఉద్యోగాల ఆఫీసులో ఒక కుర్ర గుమాస్తా ఆ సర్టిఫికెట్టుని అటూ ఇటూ తిప్పి, "వాట్ డు యూ డూ విత్ దిస్, మేట్?" అన్నాడట. వాడు వెటకారంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు. అదే ఈయనకి గుచ్చుకుంది. తర్వాత సాయంత్రపు క్లాసులకి పోయి డ్రాఫ్టింగు నేర్చుకుని వాటర్ బోర్డులో చేరారు. సిడ్నీలో ఎవరింట్లో నీళ్ళు సాఫీగా పోతున్నా అది తను గీసిన గొట్టమేనని చెప్పుకుంటారు. ఎమ్మే సర్టిఫికెట్టు మాత్రం పెట్టె అడుగుకి వెళ్ళిపోయింది.

జనవరి మొదట్లో ఆ కాలేజీవాళ్ళు తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. "చూడ్డానికి కాదు, చూసి వద్దనడానికి వెళ్దాం" అన్నారు మా ఆయన. పాత డాట్సన్ కారులో పులిహోర, కోడి వేపుడు కట్టుకుని బయల్దేరాం. సిడ్నీ దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఎండిన గడ్డి, గొర్రెలు. కొండ ఎక్కేసరికి చల్లబడింది. బండనూన్ అంటే ఒక రైలు స్టేషను, నాలుగు కొట్లు. కాలేజీ ఒకప్పుడు విడిది హోటలట. క్లాసు జరిగేది పాత భోజనాల గదిలో, పాత భోజనాల బల్ల చుట్టూ.

"ఇక్కడ తిండి పెట్టినన్నాళ్ళూ డబ్బు తీసుకోడంలో న్యాయం ఉండుంటుంది," అన్నారు మా ఆయన నా చెవిలో.

పాఠం చెప్పే ఆవిడ పేరు కొలీన్. నెరిసిన జుట్టు, కాళ్ళకి తోటపని బూట్లు. ఆ రోజు వచ్చిన పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ ఆ బల్ల చుట్టూనే కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇచ్చింది. ఒక్క పేజీ కథ. కరువు రోజుల్లో ఎక్కడో ఎడారి అంచున ఒక ఒంటరి ఇల్లు. మగవాళ్ళు గొర్రెల్ని తోలుకుని నీళ్ళున్న చోటికి పోయారు. ఇంట్లో ఒకావిడ ఉంది. ఒక బకెట్టు నీళ్ళు మిగిలాయి. నీళ్ళబండి రేపొస్తుందో రాదో తెలీదు. ఆవిడ ఆ బకెట్టు ఎత్తి, గుమ్మం పక్కన తన పుట్టింటి నుంచి తెచ్చి నాటుకున్న మొక్కకి పోసేసింది. కథ అక్కడితో ఆగిపోయింది.

"వై?" అంది కొలీన్. అని, చేతులు కట్టుకుని కూర్చుంది.

జవాబు లేకుండా ప్రశ్న వదిలేయడం మా ఆయనకి పడదు. "షీ ఈజ్ ఫూలిష్, మేడమ్. ఎ మదర్ ఆఫ్ చిల్డ్రన్ విల్ నెవర్ డూ ఇట్," అన్నారు.

ఆవిడకి పిల్లలున్నారని కాగితంలో ఎక్కడుందో చూపించండి అంది కొలీన్, మర్యాదగానే. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీశారు. పేజీ మొదట్నుంచి చదివారు. మళ్ళీ చదివారు. పిల్లల మాట లేదు. మనిషి ముందుకి జరిగి కూర్చున్నారు. నాకు భయమేసింది, వద్దనడానికి వచ్చిన మనిషి పెన్ను కూడా తీస్తున్నారు.

ఎల్సా అంది, "రేపు బండి వస్తుందని ఆవిడ డిసైడ్ అయిపోయిందేమో. అక్కడే ఉండి చూస్తాననుకుంటేనే కదా మొక్కకి నీళ్ళు పోస్తాం." ఇంగ్లీషులోనే అంది గానీ, నాకు తెలుగులో వినిపించింది.

"అండ్ యూ, మిసెస్ దయానందం?" అంది కొలీన్ నావైపు తిరిగి.

వార్డులో నన్ను అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. బెడ్‌ప్యాన్ ఎక్కడంటారు, డాక్టరెప్పుడొస్తాడంటారు. నువ్వేమనుకుంటున్నావని అడిగినవాళ్ళు లేరు. అయినా అన్నాను, "ఆ ఇంట్లో నీళ్ళు అందరివీ. ఆ మొక్క ఒక్కటే ఆవిడది."

కొలీన్ అవునని అనలేదు, కాదనీ అనలేదు. దాన్ని కాసేపు బల్ల మీదే ఉంచుదాం అంది. నిజంగానే ఉంచారు. ఎవరేం మాట్లాడినా తిరిగి నా మాట దగ్గరికే వచ్చారు. ఒకబ్బాయి ఒప్పుకోనన్నాడు, ఎందుకో చెప్పాడు. నాకు కోపం రాలేదు. నా మాటతో ఒక మనిషి అంతసేపు కుస్తీ పట్టడం బాగుంది.

తిరుగు ప్రయాణంలో కారంతా ఒకటే రభస. ఆవిడది త్యాగమని ఆయన, కాదు మొండితనమని ఎల్సా, మీరిద్దరూ ఎప్పుడైనా మొక్క పెంచారా అని నేను. ముగ్గురం కళ్ళు తెరుచుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒకరి మాటకి ఒకరం అడ్డం పడుతూ వాదించుకున్నాం. దేవుణ్ణి మధ్యలోకి లాగలేదు. ఆయన రెండుచోట్ల తిరగవలసిన మలుపు దాటిపోయారు.

ఇంటి ముందు కారాపాక ఇంజను కట్టేసి, దిగకుండా అలాగే కూర్చున్నారు.

"బావుంది ఎల్సమ్మా. చాలా బావుంది. అందుకే వద్దంటున్నాను," అన్నారు.

"వాట్ డస్ దట్ ఈవెన్ మీన్, డాడీ?"

"మేమూ ఇలాగే మాట్లాడుకున్నామమ్మా వాల్తేర్లో, సముద్రం చూసుకుంటా. ఈ దేశం వచ్చాక ఆ మాటలు ఎవడికీ అక్కర్లేకపోయాయి. నీ రంగుకీ నీ పేరుకీ ఇక్కడ తెల్లకోటు కావాలి తల్లీ. కోటుంటే నువ్వేం చేస్తావని ఏ గుమాస్తాగాడూ అడగడు."

ఎల్సా కారు దిగి పైకి వెళ్ళి గది తలుపేసుకుంది. నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఇద్దరి మీదా ఒళ్ళు మండింది కూడా, ఎందుకంటే ఆ రోజు దాకా నా ఇల్లు నాకు హాయిగా కనిపించేది, ఇప్పుడు దాని వెనకాల ఆ భోజనాల బల్ల కూడా కనిపిస్తోంది.

జనవరి నెలాఖరుకి సీట్లు వచ్చినవాళ్ళ పేర్లు పేపర్లో పడ్డాయి. మా ఎల్సాకి ఫార్మసీ వచ్చింది. మా ఆయన పేపరు పట్టుకుని బిల్డింగంతా తిరిగారు, మిసెస్ డోయల్‌కి కూడా చూపించారు. వారంలోపు యూనికి వెళ్ళి ఒప్పుకున్నట్టు చెప్పాలి. ఈ అమ్మాయి ఔననదు, కాదనదు. ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన మావాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు. బెన్‌హర్ గారికి ఫోను చేసి, శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక అన్నారు.

"ఇంకా అది ఊఁ అనలేదు కదండీ," అన్నాను.

"విశ్వాసంతో ముందే స్తుతించాలి అమృతం."

విశ్వాసం కాదు, ఎత్తు. పదిమందిలో నిలబడి ప్రభువు నాకిది చేశాడని సాక్ష్యం చెప్పాక ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేరు. కూతురి నోటికి తాళం వేయడానికి మొత్తం సంఘాన్ని పిలిచారాయన. నేను అడ్డు చెప్పకుండా బియ్యం నానబెట్టాను. ఎత్తు పారితే నా ఇల్లు నాకొస్తుంది కదా.

శనివారం సిడ్నీలో ఉన్న మావాళ్ళంతా వచ్చేశారు. మెట్ల నిండా చెప్పులు. హాల్లో సోఫాలు గోడకి నెట్టి దుప్పట్లు పరిచాం. వంటగదిలో బిర్యానీ దమ్ము మీద ఉంది. పాటలు అందుకోగానే కింద నుంచి మిసెస్ డోయల్ చీపురుకర్రతో తాళం వెయ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి శ్రుతి కలిసింది కూడా.

మా ఆయన లేచి సాక్ష్యం చెప్పారు. ఎమ్మే సంగతి, గుమాస్తా సంగతి, పైపుల సంగతి చెప్పి, "నాకు మూసిన తలుపు నా కూతురికి తెరిచాడు. ఫార్మసిస్టుని చేస్తున్నాడు," అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఎల్సా కిటికీ పక్కన కింద కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

తర్వాత ప్రార్థనలు. సోనియా చేసింది. బెన్‌హర్ గారు చేశారు, ఆయన ప్రార్థనలో ఎల్సాకి సొంత మందులషాపు వచ్చేసింది, పారమటాలో, రైలు స్టేషనుకి దగ్గర్లో. చివరికి బెన్‌హర్ గారే, "ఎల్సా తల్లీ, ముగింపు ప్రార్థన నువ్వు చెయ్యమ్మా. ఇంగ్లీషులోనైనా పర్లేదు," అన్నారు.

ఎల్సా మోకరించింది. కళ్ళు మూసుకుంది. తెలుగులో మొదలుపెట్టింది.

ఇంట్లో కూర వెయ్యనా అంటే 'యెస్ ప్లీజ్' అనే పిల్ల. దానికి మాట్లాడే తెలుగు ఇంగ్లీషు కలపకుండా రాదు. వచ్చిందల్లా సాయంత్రాలు మాతో కూర్చుని విన్న తెలుగు. అందులోనే చెప్పింది.

"దయగల తండ్రీ, మా తండ్రియైన దయానందం నిమిత్తము నీకు స్తోత్రము. ఆయన ప్రతి సాయంకాలము నాకు చదువుట నేర్పెను. ఒక్కొక్క మాటయొద్ద ఆగుట నేర్పెను. నేను చిన్నదాననై యుండగా, ప్రభువు తిరిగి తన శిష్యునివైపు చూచెనని చదివినప్పుడు, 'డాడీ, అప్పుడు ఆయన ముఖము ఎట్లుండెను?' అని అడిగితిని. ఆయన నన్ను గద్దింపలేదు. పుస్తకము మూసి బహుసేపు ఆలోచించెను. తండ్రీ, నేను ఇంకను ఆ ప్రశ్నయొద్దనే కూర్చుండ గోరుచున్నాను."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ప్రార్థన మధ్యలో అడ్డం పడకూడదు.

"ఫార్మసీ మంచిది. సోనియా మంచిది. అయితే నా మనస్సు అక్కడ లేదు. నా తండ్రి తన ఎమ్మే వ్యర్థమాయెనని చెప్పుచున్నాడు. అది వ్యర్థము కాలేదు. అది నాయొద్దకు వచ్చెను."

కాసేపు ఆగింది. చీపురుకర్ర కూడా ఆగింది.

"నా తల్లియైన అమృతం నిమిత్తము స్తోత్రము. ఆమె పండుగ దినములలోను పనికి పోయి ఒక ఇంటికొరకు కూడబెట్టెను. నేను ఆమె ఇంటిని అడుగుచున్నాను. అది చిన్న సంగతి కాదని ఎరుగుదును. ఆమె వద్దనినయెడల ఫార్మసీకి పోవుదును. దుఃఖింపను." మళ్ళీ ఆగింది. అబద్ధం చెప్పకూడదని గుర్తొచ్చినట్టుంది. "కొంచెము దుఃఖించెదను. యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ."

అయిపోయింది. ఇక ఆమేన్ అనాలి.

ఎవరూ అనలేదు. హాలు నిండా మనుషులున్నారు. ఆమేన్ అంటే మా ఆయన సాక్ష్యాన్ని కాదన్నట్టు. అనకపోతే మోకాళ్ళ మీద ఉన్న పిల్ల ప్రార్థనని గాలికి వదిలేసినట్టు. బెన్‌హర్ గారు గొంతు సవరించుకున్నారు. ఫ్యాను తిరుగుతోంది. నేను కళ్ళు తెరిచాను. మా ఆయన తల వంచుకుని ఉన్నారు. ఎల్సా అలాగే మోకాళ్ళ మీద ఉంది, మెడ మీద చెమటకి జుట్టు అంటుకుపోయింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే అంటుకునేది.

క్వేకర్స్ హిల్ పెరడు ఒకసారి కళ్ళముందుకి వచ్చింది. రాలేదని చెప్పను. గోంగూర మడి, కంచె, గొడుగు. బండనూన్ కాగితంలో ఆవిడ కూడా బకెట్టు ఎత్తేముందు ఒక్కసారి నీళ్ళవైపు చూసుకునే ఉంటుంది.

"ఆమేన్," అన్నాను.

మెల్లగానే అన్నాను. సోనియా అంది వెంటనే, పాపం. తర్వాత అక్కడొకరు, ఇక్కడొకరు. నేను లేచి వంటగదిలోకి వెళ్ళాను. బిర్యానీ మూత తీస్తుంటే, అందరివీ అయిపోయాక, ఇంకొక ఆమేన్ వినిపించింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆవిరి మొహానికి కొట్టిందని చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

బెన్‌హర్ గారు పళ్ళెం పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చారు. "సిస్టర్, మరిప్పుడు మనం దేనికి కృతజ్ఞతలు చెప్పినట్టండీ?"

"బిర్యానీకి అన్నయ్యగారూ. కూర్చోండి, వేడిగా ఉన్నప్పుడే తినాలి."

ఫిబ్రవరి చివర్లో ఎల్సాని బండనూన్‌లో దింపి వచ్చాం. అక్కడ పెట్టెలు దించుతుంటే మా ఆయన చడీచప్పుడు లేకుండా తన ఎమ్మే రోజుల పుస్తకాలు రెండు దాని సంచిలో పెట్టారు. పెట్టె అడుగున ఎన్నాళ్ళున్నాయో, అట్టలకి కలరా ఉండల వాసన. కొలీన్ చెయ్యి ఊపుతూ వచ్చి, ఆ బకెట్టు గురించి ఇంకా ఆలోచిస్తున్నానంది నాతో. నేనూ అంతేనన్నాను. క్వేకర్స్ హిల్ ఇల్లు ఎవరో కొనేసుకున్నారని ఏజెంటు ఫోను చేసి చెప్పాడు. లాండ్రీకి మంగళవారం మంగళవారమే. మిసెస్ డోయల్ మాత్రం నా చీరల్ని కర్టెన్లనడం మానేసి, అమ్మాయి ఎలా ఉందని అడగడం మొదలుపెట్టింది.

అంత పోసి చదివించారు కదా, ఏమొచ్చిందని మావాళ్ళు చాలా ఏళ్ళు అడిగారు. నేను వాళ్ళకి ఎల్సా సంగతి చెప్పేదాన్ని. అసలు సంగతి చెప్పేదాన్ని కాదు. అసలు సంగతి దాన్ని దింపి వచ్చిన ఆ సాయంత్రానిది.

భోజనాలయ్యాయి. ఏడు దాటినా బయట ఇంకా వెలుతురుంది. ఎల్సా కుర్చీ ఖాళీగా ఉంది, నేను అటు చూడకుండా కూర్చున్నాను. ప్రభువు తిరిగి చూసిన ఆ వచనం ఆయన చదివారు, తర్వాతది నేను చదివాను. ఇక ఆయన అర్థం చెప్పాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన చెప్పడం, నేను వినడం. ఆయన చెప్పలేదు. పుస్తకంలో వేలు పెట్టి మూసి, కళ్ళజోడు తీసి, నావైపు చూశారు.

"ఏమే అమృతం, నువ్వేమంటావ్? అప్పుడు ఆయన మొహం ఎలా ఉండి ఉంటుంది?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగారు.

"ఉండండి, ఆలోచించుకోనివ్వండి," అన్నాను.

ఆయన ఉన్నారు. వీధి దీపాలు వెలిగేదాకా ఉన్నారు.